గొలుసు విప్పిన మందు

తొమ్మిదో భాగం

ఏడోసారి.

వంటింటి కిటికీ అద్దం మీది ఆవిరిని అరచేత్తో తుడిచి దరీమా చూసింది. మామగారు తానుండే గెర్, ఆ గుండ్రటి ఉన్ని గుడారం తలుపు తోసుకుని, తల వంచి బయటికి వచ్చారు. సన్నగా వాన పడుతోంది. భుజాల మీద కోటు కూడా లేదు. తనకేమీ తొందర లేదని ఎవరికో చెప్పడానికన్నట్టు చేతులు వెనక్కి కట్టుకుని, పెరటి మూలనున్న చెక్కల మరుగుదొడ్డి వైపు నడిచారు. సగం దూరం వెళ్ళాక ఆ చేతులు విడిపోయాయి. చివరి పది అడుగులూ పరుగే.

పొద్దున ఆరున్నర నుంచి ఏడోసారి. ఇంకా పన్నెండు కాలేదు.

దరీమా పొయ్యి మీది పిండి జావ దించింది. ఈ సంగతి ఎవరికి చెప్పాలి? భర్త ఎనెబిష్ విద్యుత్ కేంద్రంలో డ్యూటీ దిగి వచ్చి పక్క గదిలో నిద్రపోతున్నాడు. ఆడపడుచు ఖాండాకి చెబితే రెండు మాటల్లో నోరు మూయిస్తుంది. ఇక మిగిలింది మామగారే. ఆయనకు మాత్రం చెప్పకూడదు. ఏప్రిల్ నుంచి ఈ ఇంట్లో ఉన్న నియమం అదొక్కటే.

జావ గిన్నె రెండు చేతులా పట్టుకుని గెర్‌లోకి వెళ్ళింది.

మామగారు అప్పటికే తిరిగి వచ్చి మంచం అంచున కూర్చుని ఉన్నారు. ముఖం మీద వాననీళ్ళో చెమటో తెలియడం లేదు. నడుముకు చుట్టిన పట్టు గుడ్డ ఎప్పటికంటే ఒక చుట్టు ఎక్కువ తిరిగింది. పెదాలు ఎండి తెల్లబడ్డాయి. అయినా కోడలిని చూడగానే నవ్వారు.

"రా అమ్మాయ్. వంటింట్లో కూర్చుని నన్ను లెక్కపెడుతున్నావుగా?"

దరీమా ముఖం ఎర్రబడింది. "కాస్త జావ తాగండి మామయ్యా."

"జావ ఎందుకు? చూడు, ఇది ఉండగా!" తలుపు పక్కనున్న నీలం పీపా మూత తీసి, కర్రతో నాలుగు సార్లు చిలికి, గిన్నె నిండా ఐరాగ్ పోసుకున్నారు. బుల్గాన్‌లో ఆయన తమ్ముడి దగ్గరున్న ఆడగుర్రాల పాలవి. తోలుసంచిలో పులిసి, నురగలు కక్కుతూ పోయిన వారం ఖాండా కారులో వచ్చాయి. "నాలుగు రోజుల్నుంచి లోపలి మురికంతా కొట్టుకుపోతోంది. ఈ పట్నంలో పీల్చిన బొగ్గు పొగంతా దిగిపోతోంది. నీ మొగుణ్ణి కూడా తాగమను. వాడి కడుపులో ఇంకా ఎక్కువుంటుంది."

"నాలుగు రోజుల్నుంచా?"

"మొదట్లో రెండు మూడుసార్లే. నిన్నటి నుంచి బాగా పని చేస్తోంది."

ఆయన మాటలో తప్పు పట్టడానికేం లేదు. మొదటి వారం ఐరాగ్ కడుపు కడుగుతుంది. కడగకపోతే పాలలో నీళ్ళు కలిపావని జనం అమ్మినవాడితోనే తగువు పెట్టుకుంటారు. డెబ్భై ఒక్క వేసవులు అలాగే తాగిన మనిషికి, ఈసారి కారణం వేరు కావచ్చని ఎలా తోస్తుంది?

"మామయ్యా, అందులో..." అని ఆగిపోయింది. రక్తం కనిపించిందా అని అడగాలి. మామగారిని ఏ కోడలు అడుగుతుంది అలాంటి మాట?

"అందులో ఏమిటి?"

"ఏం లేదు. జావ చల్లారిపోతుంది."

"ఇంకా ఎనిమిది రోజులు," అన్నారు ఆయన, ఐరాగ్ గుటక వేసి. "వచ్చే వారం ఆ విటమిన్ డ్రిప్ ఒకటి ఎక్కించేస్తే నా పని అయిపోయినట్టే. చలి మొదలయ్యేలోగా మా గుర్రాల దగ్గరుంటాను. తమ్ముడికి ఫోన్ చేసి చెప్పాను కూడా."

దరీమా బయటికి వచ్చేసింది.

*

కట్టెల కొట్టం వెనక నిలబడి ఆసుపత్రికి ఫోన్ చేసింది. మొదట నర్సు ఎత్తింది.

"పేషెంటు పేరు?"

"మా మామగారు."

"పేరు చెప్పమ్మా."

పన్నెండేళ్ళ కాపురంలో ఆ పేరు దరీమా ఒక్కసారి కూడా పలకలేదు. పెద్దల పేరు కోడలి నోట రాకూడదు. "కార్డు నంబరు చెబుతాను, రాసుకోండి."

"ఈ కాలంలో కూడానా!" అని నర్సు నవ్వి, నంబరు రాసుకుని, డాక్టర్ మ్యాగ్మార్‌కి ఇచ్చింది. ఆవిడ నవ్వలేదు.

"ఎన్నిసార్లు?"

"ఏడు. ఇంకా మధ్యాహ్నం కాలేదు."

"మామూలు రోజుల్లో?"

"ఒకసారి. మాంసం ఎక్కువ తిన్న రోజు అదీ ఉండదు."

"ఎన్నాళ్ళుగా?"

"నాలుగు రోజులట. నాకు ఇప్పుడే చెప్పారు. ఐరాగ్ తాగుతున్నారు డాక్టర్ గారూ."

"ఆ లివర్‌తో ఐరాగా? ఎవరిచ్చారు?"

"మా వదిన. అది సారాయి కాదు, పాలేగా అంది."

"సరే, అది తర్వాత చూద్దాం. విను దరీమా. ఇది ఐరాగ్ వల్ల కావచ్చు, పాల క్రిముల వల్ల కావచ్చు, మన మందు వల్ల కావచ్చు. చూడందే చెప్పలేను. మందు వల్లే అయితే ఆయన పేగును ఆయన ఒళ్ళే కొరుకుతోందన్న మాట. ఆగితే చిల్లు పడుతుంది. విరేచనాలు ఆగే మాత్రలేవీ ఇవ్వకు. ఇవాళే తీసుకురా, నాలుగింటిలోపు. మంచం ఖాళీగా ఉంచుతాను."

"రానంటే?"

"ఎందుకు రానంటారు?"

"ఆయనకి జబ్బే లేదు కదా డాక్టర్ గారూ."

ఈసారి ఆవిడ గొంతు మారింది. "అదే నేను చెప్పబోతున్నాను. ఏప్రిల్‌లో రోగికి బదులు మీ ఆయన సంతకం పెట్టాడు. అందరూ అలాగే చేస్తారని నేనూ ఊరుకున్నాను. ప్రతిసారీ 'ఎలా ఉంది తాతా' అని నేనడిగితే మీ వదినే జవాబు చెప్పింది. ఈ మందు అలా నడవదు. ఎక్కడ దురద పెట్టినా, దగ్గు వచ్చినా, కడుపు జారినా తెలిసేది ఆ ఒంట్లో ఉన్న మనిషికే. ఆయన నోటితో నాకు చెప్పాలి. ఆయనకు తెలియకుండా నేనిక ఒక్క చుక్క కూడా ఎక్కించను."

ఫోన్ పెట్టేశాక కూడా దరీమా అక్కడే నిలబడింది. చుట్టూ మనిషి ఎత్తు చెక్కల కంచె. ఆ వెనక ఇంకో కంచె, ఆ వెనక ఇంకోటి, కొండ మీదికంటా.

ఏప్రిల్‌లో మొదటిసారి డాక్టర్ చెప్పిన మాటలు గుర్తొచ్చాయి. ఒంట్లో కాపలా కుక్కల్లాంటి కణాలుంటాయి. ఈ జబ్బు తెలివైన తోడేలు లాంటిది, వాటి మెడకు గొలుసు తగిలించి మూల కూర్చోబెడుతుంది. ఈ మందు జబ్బును తనంతట తాను చంపదు, ఆ గొలుసు విప్పుతుంది. దానితోపాటు ఎక్కించే రెండో మందు గడ్డకు రక్తం అందకుండా చేస్తుంది. విప్పిన కుక్క ఒక్కోసారి ఇంటి గొర్రె మీద కూడా పడుతుంది, అందుకే కనిపెట్టుకుని ఉండాలి. అంతా చెప్పి, రోగి ఎప్పుడూ జేబులో పెట్టుకోవలసిన కార్డు ఒకటి ఇచ్చింది. ఆ కార్డు నాలుగు నెలలుగా దరీమా టీ ఆకుల డబ్బాలో ఉంది.

*

ఖాండా వచ్చేసరికి ఒంటిగంట దాటింది. చేతిలో ఇంకో ఐరాగ్ డబ్బా. ఆవిడ బడిలో భూగోళం చెబుతుంది. ఇంట్లో కూడా అందరూ బెంచీల మీద కూర్చున్నట్టే మాట్లాడుతుంది.

"అంత కొంపలేం మునిగాయి? వేసవిలో ఎవరికి కడుపు కదలదు?"

"వదినా, ఇప్పటికి తొమ్మిది."

"నువ్వు గుమ్మంలో కూర్చుని లెక్కపెడుతుంటే పాపం ఆ మనిషికి లోపల ఉన్నది కూడా బయటికి వస్తుంది."

ఎనెబిష్ నిద్ర ముఖంతో బల్ల దగ్గర కూర్చున్నాడు. ఉప్పు టీ గిన్నెలోకే చూస్తున్నాడు.

"డాక్టర్ నాలుగింటిలోపు తీసుకురమ్మంది," అంది దరీమా. "ఆయనకు నిజం చెప్పి తీసుకురమ్మంది."

ఖాండా తలుపు దగ్గరికి వెళ్ళి, గెర్ వైపు చూసి, తలుపు మూసింది.

"ఆ మాట ఈ ఇంట్లో అనద్దన్నానా లేదా?"

"నేను ఏ మాటా అనలేదు."

"అనబోతున్నావు. పేరు పెట్టి పిలిస్తే వచ్చి కూర్చుంటుంది అది. మా అమ్మకు చెప్పారు. ఆ డాక్టరు మహానుభావుడు కుర్చీలో వెనక్కి వాలి, అమ్మ ముఖాన చెప్పాడు. అమ్మ ఇంటికొచ్చి గోడ వైపు తిరిగి పడుకుంది. పదకొండు రోజులు. మళ్ళీ ఇటు తిరగలేదు."

"అత్తయ్యకు అప్పటికే కడుపు నిండా నీరు చేరిందట కదా. మాట వల్ల కాదు వదినా..."

"నువ్వు చూశావా? అప్పటికి నువ్వీ ఇంటికి రానేలేదు. నోట్లో చెంచాతో టీ పోసింది నేను." ఖాండా తమ్ముడి వైపు తిరిగింది. "నువ్వేమిట్రా, గిన్నెలో ఏదైనా పడిందా? మాట్లాడు."

"అక్కా, ఆసుపత్రికైతే తీసుకెళ్ళాలి..."

"వద్దన్నానా? తీసుకెళ్దాం. ఐరాగ్ చెడిపోయింది, అందుకే కడుపు పోయింది, రెండు రోజులు సెలైన్ పెడతారని చెబుదాం. సరిపోయిందా? అబద్ధం కూడా కాదు."

ఎనెబిష్ భార్య వైపు చూశాడు. ఆ చూపులో ఒప్పుకోమన్న బతిమాలుడు ఉంది. దరీమా ముఖం తిప్పుకుంది.

ఖాండా గెర్‌లోకి వెళ్ళింది. వెళుతూ రెండు తలుపులూ తెరిచే వదిలింది కాబట్టి వంటింట్లోకి మాటలన్నీ వినిపించాయి.

"నాన్నా, ఈ పాలు చెడిపోయినట్టున్నాయి. ఒకసారి ఆసుపత్రికి వెళ్ళొద్దాం."

"ఏవి చెడిపోయాయి?"

"ఈ ఐరాగ్. దారిలో ఎండకి..."

"ఎవరి గుర్రాలు అవి?" ముసలాయన గొంతు హఠాత్తుగా లేచింది. "నేను పుట్టించి, నేను పెంచి, ఈ చేతుల్తో పితికిన గుర్రాల పాలు చెడ్డవా? ఫోన్ ఇలా తే. నీ బాబాయికే చెబుతా, మీ పిన్ని పాలు పులియబెట్టడం కూడా మర్చిపోయిందని."

"వద్దులే నాన్నా, ఆయన్ని ఎందుకు..."

"మరి చెడ్డదంటావేం? చూడు, తాగుతున్నా!"

గుటకల చప్పుడు. ఖాండా ఖాళీ చేతులతో తిరిగి వచ్చింది. ఆవిడ వెనకే ముసలాయన కూడా బయటికి వచ్చి, చేతులు వెనక్కి కట్టుకోవడం మరచి, సరాసరి పెరటి మూలకు పరుగెత్తారు.

పదోసారి. ముగ్గురూ కిటికీలోంచి చూశారు.

రెండుంబావయింది. ఎనెబిష్ లేచి కారు తాళాలు తీసి, మళ్ళీ బల్ల మీద పెట్టాడు.

"ఎత్తుకుపోదాం," అన్నాడు చివరికి.

"ఎవర్ని? నాన్ననా?" ఖాండా నవ్వింది, ఏడుపు లాంటి నవ్వు. "మొన్నటిదాకా మచ్చిక కాని గుర్రాన్ని చెవి పట్టుకుని ఆపిన మనిషిని నువ్వు ఎత్తుకుపోతావా?"

దరీమా అల్మారా తెరిచింది. టీ డబ్బా తీసి, ఆకుల అడుగున చెయ్యి పెట్టింది.

"ఏం చేస్తున్నావు?" అంది ఖాండా.

దరీమా కార్డు బయటికి తీసి, దాని మీది ఆకులు దులిపింది.

"దరీమా! ఆ గడప దాటావంటే ఆయనకేమైనా అయితే నీదే. వింటున్నావా? జీవితాంతం నీదే."

"వింటున్నాను వదినా," అంది దరీమా. బయటికి నడిచింది. వెనక కుర్చీ జరిగిన చప్పుడయింది కానీ ఎవరూ రాలేదు.

*

మామగారు తోలుపట్టీ ఒకటి ఒళ్ళో పెట్టుకుని అల్లుతున్నారు, గుర్రం ముందు కాళ్ళకు వేసే బంధం. ముడి రెండుసార్లు జారింది.

"ఇవాళ నా గుమ్మానికి చాలామంది వస్తున్నారే."

"మామయ్యా, ఆ డ్రిప్ విటమిన్ డ్రిప్ కాదు."

ఆయన చేతులు ఆగాయి. దరీమా కార్డును రెండు చేతులా అందించింది. ఆయన దాన్ని చాచిన చేతి దూరంలో పట్టుకుని, కళ్ళు చికిలించి, ఒక్కో మాటా పెదాలతో తడుముతూ చదివారు. ఒక చోట పెదాలు ఆగిపోయాయి. ఆ చోట ఏముందో దరీమాకి తెలుసు.

పొయ్యిలో కట్టె ఒకటి విరిగి పడింది.

"నేను చదివింది సరిగ్గానే చదివానా?"

"సరిగ్గానే."

"ఎప్పటి నుంచి?"

"ఏప్రిల్ నుంచి."

"ఎవరెవరికి తెలుసు?"

"మీ అబ్బాయికి, వదినకి, నాకు." ఆగింది. "బుల్గాన్‌లో చిన్న మామయ్యకి."

"వాడికి కూడానా." ఆయన కార్డు కిందికి దించారు. "అందుకేనన్న మాట. అడక్కుండానే పీపాడు పంపాడు. మొన్న ఫోన్‌లో ఏడుస్తున్నట్టనిపించి, తాగావురా అని తిట్టాను."

దరీమా మోకాళ్ళ మీద కూర్చుంది. ఏమైనా విసురుతారనుకుంది. విసరలేదు.

"నన్ను నాలుగు నెలలు కాళ్ళకు బంధం వేసి మేపారు. మేత బాగుందని నేను మురిసిపోయాను." తోలుపట్టీ పక్కన పడేశారు. "ఇక చెప్పు. ఏం ఎక్కిస్తున్నారు నాకు?"

డాక్టర్ చెప్పినట్టే చెప్పింది. కుక్కలు, గొలుసు, తోడేలు.

"తోడేలు కుక్కకు గొలుసు కడుతుందా?" అన్నారు ఆయన విసుగ్గా. "ఆ డాక్టర్ పట్నంలో పుట్టిందిలే."

"పట్నంలోనే."

"తెలుస్తూనే ఉంది. సరే, విప్పారు. పట్టిందా మరి?"

"జూలైలో తీసిన ఫోటోలో పెద్ద గడ్డ ఆరు సెంటీమీటర్ల నుంచి నాలుగుకు దిగింది."

ఆయన బొటనవేలు, చూపుడువేలు ఎడంగా పెట్టి, కొంచెం దగ్గరికి జరిపి, ఆ ఖాళీలోకి చూశారు. "అయితే మంచి కుక్కే."

"మంచిదే. కానీ ఇప్పుడు మీ పేగు మీద పడిందని డాక్టర్ అనుమానం. ఇది ఐరాగ్ శుద్ధి కాకపోవచ్చు మామయ్యా. ఆగితే చిల్లు పడుతుందట."

"గొర్రె రుచి మరిగిన కుక్కను మేం ఉంచం. తెలుసా?"

"తెలుసు."

"దీన్నేం చేస్తారు?"

"వేరే మందిచ్చి నెమ్మదింపజేస్తారు. కొన్నాళ్ళు డ్రిప్ ఆపుతారు."

"అప్పుడు తోడేలు సంగతి?"

ఈ నాలుగు నెలల్లో ఈ గెర్‌లో ప్రతి ప్రశ్నకూ ఏదో ఒక జవాబు దొరికింది. ఖాండా దగ్గరైతే అడగకముందే ఉండేది.

"నాకు తెలీదు," అంది. "డాక్టర్‌కి కూడా ముందే తెలీదట. మందు ఆపినా కొందరిలో ఆ కుక్కలు వేట మానవట. కొందరిలో మానేస్తాయట. మీరు ఏ రకమో చూస్తేగానీ తెలీదు."

ఆయన అంగీ రొమ్ము మడతలోంచి నశ్యం బుడ్డి తీసి, మూత కొంచెం వదులు చేసి, కుడి చేత్తో ముందుకు చాచారు, ఇంటికొచ్చిన పెద్దమనిషికి చాచినట్టు. పన్నెండేళ్ళలో ఎప్పుడూ అలా చాచలేదు. దరీమా రెండు చేతులా అందుకుని, వాసన చూసి, తిరిగి ఇచ్చింది.

"నువ్వు నిజం చెప్పావు కాబట్టి నేనూ చెబుతాను," అన్నారు ఆయన, పొయ్యి వైపు చూస్తూ. "నిన్నటి నుంచి ఎర్రగా పడుతోంది. మూడుసార్లు చూశాను. మీరు భయపడతారని చెప్పలేదు."

దరీమా లేచి నిలబడింది. "పదండి మామయ్యా. ఇప్పుడే."

"వస్తాను." ఆయన కూర్చునే ఉన్నారు. "కానీ ఖాండా ఆ మాట నాకు చెప్పాలి. కాగితం మీద చదివాను, నీ నోటా విన్నాను. చాలదు. విటమిన్లని నా చెయ్యి పట్టుకుని చెప్పింది అది. ఇప్పుడు అదే చెయ్యి పట్టుకుని ఆ జబ్బు పేరు చెప్పమను. ఒక్క మాట. చెబితే దాని కారు నేనే వెళ్ళి ఎక్కుతాను. చెప్పకపోతే ఇక్కడే ఉంటాను, మీరు నాలుగు వైపులా కట్టిన ఈ కంచెలో."

"టైం లేదు మామయ్యా."

"ఒక్క మాటకి ఎంతసేపు పడుతుంది?"

*

ఖాండా గెర్ ముందు వానలోనే నిలబడి ఉంది. దరీమా తలుపు తీయగానే అంతా అర్థమైంది ఆవిడకి. చెయ్యెత్తింది. కొడుతుందనుకుంది దరీమా. ఆ చెయ్యి తడి జుట్టు సవరించుకుని కిందికి దిగిపోయింది.

"చెప్పేశావు."

"చెప్పాను వదినా. రక్తం పడుతోందట. నిన్నటి నుంచి."

ఎనెబిష్ కారు స్టార్ట్ చేసి, పరుగున వచ్చాడు. మూడూ ఇరవై. వానరోజు కొండ దిగడానికే అరగంట.

"రా అమ్మా," అన్నారు ముసలాయన లోపల్నుంచి. ఎంతో మెత్తగా అన్నారు. "ఇలా వచ్చి కూర్చో. నువ్వు భయపడకు. మీ అమ్మలా నేను గోడ వైపు తిరగను. మాటిస్తున్నాను."

ఖాండా తల వంచి లోపలికి వెళ్ళింది. తండ్రి చాచిన చెయ్యి పట్టుకుంది. దరీమా, ఎనెబిష్ తలుపు దగ్గర ఆగిపోయారు.

"చెప్పు," అన్నారు ఆయన.

ఖాండా పెదాలు కదిలాయి.

"భూగోళం పాఠం చెబుతావుగా. ఎన్ని దేశాల పేర్లు, ఎన్ని నదుల పేర్లు చెబుతావు పిల్లలకి. ఇది ఒక్కటేగా."

"నాన్నా..."

"ఊఁ."

"అక్కా, చెప్పు," అన్నాడు ఎనెబిష్. "చెప్పేసెయ్. ఆయనకి తెలిసిపోయిందిగా, ఇంకా ఏం మిగిలింది?"

ఖాండా తమ్ముడి వైపు తిరిగింది. ఆ ముఖం దరీమా ఎప్పుడూ చూడలేదు. అందులో టీచరు లేదు.

"నీకేం తెలుసురా," అంది. "నువ్వు సంతకం పెట్టి ఊరుకున్నావు. నేను ప్రతిసారీ నాన్న పక్కన ఆ కుర్చీలో కూర్చున్నాను. జూన్‌లో ఆ డాక్టర్, ఇంట్లోవాళ్ళంతా కూడా రక్తం చూపించుకోండి, ఇది ఒకరి నుంచి ఒకరికి వచ్చే వైరస్‌తో మొదలవుతుంది, మీ అమ్మకీ అదే, మీ నాన్నకీ అదే అంది. మీకెవరికీ చెప్పకుండా నేనొక్కదాన్నే చూపించుకున్నాను."

రెండో చేత్తో తన పక్కటెముకల కింద చూపించింది.

"ఫోటో కూడా తీశారు. మచ్చ ఒకటుందన్నారు. ఏమిటో తేల్చాలంటే మళ్ళీ రమ్మన్నారు. నేను వెళ్ళలేదు." తండ్రి వైపు తిరిగింది. "ఆ మాట ఎలా అనమంటావు నాన్నా? నీకోసమే అయితే అనేద్దును. అంటే అది నా దగ్గరికీ వచ్చి కూర్చుంటుంది."

ఎనెబిష్ చెయ్యి తలుపు చట్రం మీద పడింది. దరీమా కళ్ళు గడియారం వైపు వెళ్ళాయి. అప్పుడు కూడా అటే వెళ్ళినందుకు ఆమెకు సిగ్గేసింది. మూడూ ముప్ఫై.

ముసలాయన కూతురి చెయ్యి వదల్లేదు. ఆసరా చేసుకుని లేచి నిలబడ్డారు. మంచం కోడు పట్టుకున్నారు. అమ్మయ్య, కదిలారు అనుకుంది దరీమా. కోటు అందించబోయింది.

ఆయన దాన్ని తీసి ఖాండా భుజాల మీద కప్పారు.

"ముందు ఇది ఎక్కాలి కారు," అన్నారు. "ఖాళీగా ఉంచిన ఆ మంచం మీద దీన్ని పడుకోబెట్టండి. దీని మచ్చేమిటో చెప్పమనండి. నా పేగు రేపటిదాకా ఆగుతుంది."

"ఆగదు మామయ్యా!" అంది దరీమా.

"నేను రాను," అంది ఖాండా. "నాన్న వస్తే తీసుకొస్తాను. నాకోసం రాను."

"అయితే నేనూ రాను."

బయట స్టార్ట్ చేసిన కారు గుడగుడమంటూ నిలబడి ఉంది. ఒక్క మనిషి మాత్రమే వంగి దాటగలిగే ఆ తలుపు ముందు తండ్రీ కూతురూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని నిలబడ్డారు. ఇద్దరిలో ఎవరూ అడుగు ముందుకు వేయలేదు.